పాత బీఎండబ్ల్యూ కొందామనుకుంటున్న కర్నూలు తమ్ముడికి

సందేహం: అన్నా, మాది కర్నూలు. డల్లాస్‌కు వచ్చి ఎనిమిది నెలలైంది. 2013 మోడల్ బీఎండబ్ల్యూ 328ఐ, 92 వేల మైళ్లు తిరిగింది, 9,500 డాలర్లకు ఇస్తామంటున్నారు. కంతుల మీద కూడా ఇస్తారంట. ఊళ్లో అయితే ఇట్లాంటి బండి దగ్గరికి పోయేవాళ్లమే కాదు. తీసుకోవచ్చునా?

తమ్ముడూ, ఈ బండి మాత్రం వద్దు. బీఎండబ్ల్యూ అసలే వద్దని కాదు, ఆ ఏటి 328ఐ వద్దు.

ముందు ఒక లెక్క చూడు. ఈ బండి కొత్తలో ఆప్షన్లతో కలిపి 40 వేల డాలర్ల దరిదాపు పలికింది. ఇప్పుడు బండి వెల నాలుగో వంతుకు దిగింది గానీ దాని వాటర్ పంపు వెల దిగలేదు, బ్రేకు డిస్కుల వెల దిగలేదు, మెకానిక్ గంట కూలీ అయితే పెరిగింది. కొనేది 9,500 బండే, మేపాల్సింది 40 వేల బండిని. కంపెనీ వారంటీ 4 ఏళ్లు లేదా 50 వేల మైళ్లు, ఏది ముందైతే అది. నువ్వు చూసిన దానికి రెండూ ఎప్పుడో దాటిపోయాయి.

ఇక అసలు కారణం ఇంజన్. ఆ 328ఐలో ఉన్నది ఎన్20 అనే నాలుగు సిలిండర్ల టర్బో ఇంజన్. అందులో టైమింగ్ చైను (వాల్వులు, పిస్టన్లు ఒకే తాళంలో కదిలేట్టు చూసేది) జారకుండా పట్టి నడిపించే ప్లాస్టిక్ గైడ్లు వేడికి పెళుసుబారి విరుగుతాయి. విరిగిన తునకలు ఆయిల్ చాంబర్లోకి రాలి, ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడతాయి. చైను వదులై పళ్లు తప్పిందంటే పిస్టన్లు పోయి వాల్వులను గుద్దుతాయి, ఇంజన్ అక్కడితో సరి. 2012 నుంచి 2015 మొదట్లో దాకా తయారైన బండ్లకే ఈ బాధ ఎక్కువ. గైడ్లు, చైను మార్పించినట్టు బిల్లు చేతిలో పెడితే తప్ప ఆ ఏళ్ల బండి జోలికి పోవద్దు. బీఎండబ్ల్యూనే కావాలనుకుంటే 2017, ఆ తర్వాతి 330ఐ చూడు, దాని ఇంజన్ వేరు. మెత్తటి సీటు, చప్పుడు లేని ప్రయాణం చాలనుకుంటే లెక్సస్ ఈఎస్ 350 తీసుకో. నన్నడిగితే మొదటి రెండేళ్లకు అదే మంచిది.

ఏ బండి చూసినా, అమ్మేవాడు స్టార్ట్ చేసి పెట్టకముందే పో. బానెట్ మీద చెయ్యి పెట్టు, వేడిగా ఉంటే ఇంకోరోజు వస్తానని చెప్పు. చైను గోల, వాల్వుల నుంచి వచ్చే నీలం పొగ ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే బయటపడతాయి. స్టార్ట్ చేశాక యాక్సిలరేటర్ మెల్లగా ఇస్తుంటే సన్నటి ఈల లాంటి శబ్దం వేగంతోపాటు పెరిగితే చైను వైపు అనుమానించాలి. ఆయిల్ మూత విప్పి లోపల చూడు. తేనె రంగు పర్వాలేదు. నల్లటి జిడ్డు పేరుకుని ఉంటే ఆయిల్ వేళకు మార్చలేదని అర్థం.

టెక్సాస్‌లో వరదలో మునిగిన బండ్ల భయం ఒకటుంది. 2017లో హార్వే తుపాను హ్యూస్టన్ వైపు బోలెడు బండ్లను ముంచింది. 2009 అక్టోబరులో తుంగభద్ర నీళ్లు కర్నూలులోకి వచ్చి దిగిపోయాక ఇళ్లలో మిగిలిన ఒండ్రు నువ్వు చూసి ఉంటావు, లేదా ఇంట్లో వాళ్లు చెప్పి ఉంటారు. అదే ఒండ్రు ఇక్కడా మిగులుతుంది. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగు. బయట కనిపించే భాగం కడుగుతారు గానీ చుట్టుకుని ఉండే చివరి రెండడుగులు కడగరు, అక్కడ మట్టి చార కనిపిస్తుంది. సీటు పట్టాల కింద తుప్పు, డిక్కీ కార్పెట్ ఎత్తితే మూలల్లో సన్నటి మట్టి ఉన్నాయేమో చూడు. బీఎండబ్ల్యూల్లో చాలావాటికి బ్యాటరీ డిక్కీలోనే ఉంటుంది కాబట్టి అక్కడ నీళ్లు చేరితే కరెంటు రోగాలు తీరేవి కావు. పదిహేడు అక్షరాల విన్ నంబరుతో (ప్రతి బండికీ విడిగా ఉండే గుర్తింపు) కార్‌ఫ్యాక్స్ రిపోర్టు, అంటే బండి పాత చరిత్ర తీయి. టైటిల్ (బండి యాజమాన్య పత్రం) మీద శాల్వేజ్ (బాగా దెబ్బతిన్నది) అనో ఫ్లడ్ (వరదలో మునిగినది) అనో ముద్ర ఉంటే తిరిగి చూడకు.

ఆ తర్వాత యూరప్ బండ్లే చేసే విడి షెడ్డుకు తీసుకుపోయి, లిఫ్ట్ మీద ఎక్కించి చూపించు. 150 నుంచి 300 డాలర్లు తీసుకుంటారు. ఇంజన్ ఒక్కటే కాకుండా అన్ని కంప్యూటర్ మాడ్యూళ్లనూ స్కాన్ చేయమని అడుగు. అమ్మేవాడు దీనికి ఒప్పుకోకపోతే బేరం అక్కడే వదిలెయ్. 2025 జనవరి నుంచి టెక్సాస్‌లో సొంత బండ్లకు ఏటేటా సేఫ్టీ తనిఖీ తీసేశారు, డల్లాస్ లాంటి జిల్లాల్లో పొగ పరీక్ష మాత్రమే మిగిలింది. బ్రేకులు, టైర్లు ఎట్లున్నాయో ఇప్పుడు నీ తరఫున ఎవరూ చూడరు.

బీఎండబ్ల్యూనే కొన్నావనుకో, పెట్రోలుతో మొదలుపెట్టు. ఈ టర్బో ఇంజన్లకు ప్రీమియమే పోయాలి. మన దేశంలో ఆక్టేన్‌ను (పెట్రోలు వేళకు ముందే పేలకుండా తట్టుకునే శక్తి) ఆర్‌ఓఎన్ అనే ఒక్క కొలతలో చెప్తారు, ఇక్కడ దానికి ఇంకో కొలత కలిపి సగటు వేస్తారు. ఇక్కడి బంకులో 87 అని రాసినది మన లెక్కలో సుమారు 91, అంటే మామూలు పెట్రోలే. కాబట్టి ఇక్కడి లెక్కలో 91 లేదా 93 అని ఉన్న మీట నొక్కాలి.

ఆయిల్‌కు 10 వేల మైళ్లో ఏడాదో అని బండి చెప్తుంది. పాత టర్బో బండికి అన్నాళ్లు ఆగకూడదు, 5 వేలకు మార్చు. డబ్బా మీద ఆ ఇంజన్‌కు బీఎండబ్ల్యూ చెప్పిన గుర్తింపు ఉండాలి, ఎల్ఎల్-01 లాంటిది. 5డబ్ల్యూ-30 అనే చిక్కదనం నంబరు ఒక్కటే ఉంటే చాలదు. డ్రెయిన్ బోల్టు కింద వాషరు ప్రతిసారీ కొత్తది, ఫిల్టరు మూతకు రబ్బరు రింగు కొత్తది వేయాలి. రింగు మార్చకుండా బిగిస్తే నెల తిరక్కుండానే ఆయిల్ చెమ్మ పడుతుంది. ఇంకో సంగతి, వీటిలో చాలావాటికి ఆయిల్ చూసే పుల్ల ఉండదు. ఇంజన్ వేడెక్కాక స్క్రీన్ మెనూలోనే చూడాలి. నెలకోసారి చూడు.

బ్యాటరీ సొంతంగా మార్చి ఊరుకుంటే కుదరదు. బ్యాటరీ వయసును బట్టి ఎంత చార్జి ఇవ్వాలో బండే లెక్కేసుకుంటుంది. కొత్తది పెట్టి స్కానరుతో రిజిస్టర్ చేయకపోతే ముసలి బ్యాటరీ అనుకుని అదే తీరున చార్జి చేసి కొత్తదాన్నీ చెడగొడుతుంది. ఏజీఎం రకం, అదే ఆంపియర్లది వేయి, పక్కనున్న గాలి గొట్టం మళ్లీ తగిలించు. డల్లాస్‌లో జూలై, ఆగస్టు మన కడప ఎండల్లాగే ఉంటాయి, బ్యాటరీలను చంపేది చలికన్నా ఆ వేడే. సంక్రాంతికి ఊరికి పోయి నెల తర్వాత వచ్చేట్టయితే గరాజులో బ్యాటరీ మెయింటెయినర్ (చార్జి దిగిపోకుండా చూసే చిన్న చార్జరు) తగిలించి పో.

ఎన్20 ఇంజన్‌లో వాటర్ పంపు కరెంటుది, చెప్పకుండా ఆగిపోతుంది. కూలెంటు వేడి చూపే ముల్లు వీటిలో చాలావాటికి లేదు, నేరుగా ఎర్ర హెచ్చరికే వస్తుంది. అది వచ్చిందంటే వచ్చే ఎగ్జిట్ దాకా పోదామనుకోకు. పక్కకు తీసి ఇంజన్ ఆపెయ్. రెండు మైళ్ల కక్కుర్తికి ఇంజన్ పైనుండే అల్యూమినియం హెడ్డు వంకరపోతుంది.

టైర్లు రన్‌ఫ్లాట్లయితే డిక్కీలో స్టెప్నీ ఉండదు. పంచరయ్యాక 50 మైళ్ల వేగం మించకుండా సుమారు 50 మైళ్లు పోవచ్చు, అంతే. ముందు టైరు 225, వెనక 255 ఉన్న బండ్లకు ముందువి వెనక్కి మార్చే వీలుండదు కాబట్టి వెనకవి తొందరగా అరిగిపోతాయి. టైరు పక్కన డాట్ గుర్తు చివర నాలుగు అంకెలు చూడు. 3518 అంటే 2018లో 35వ వారం తయారైంది. ఆరేళ్లు దాటితే గాడి ఉన్నా మార్చెయ్. ఎక్స్‌డ్రైవ్ బండికి, అంటే నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం పోయేదానికి, టైర్లు నాలుగూ ఒకే తీరుగా అరగాలి, ఒక్కటే కొత్తది వేస్తే ఆ బలాన్ని ముందుకు, వెనక్కు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు పోవచ్చు.

నడపడంలో రెండు అలవాట్లు మానాలి. ఎన్‌హెచ్ 44 మీద లారీ కుడి వరుస వదలకపోతే ఎడమ నుంచి దూరి దాటుతాం. ఇక్కడ ఎడమ వరుస దాటడానికే, దాటి కుడికి వచ్చెయ్. రెండోది, క్లచ్ లేదు గదా అని ఎడమ కాలు బ్రేకు మీద పెట్టకు. కంగారులో అది క్లచ్ తొక్కినట్టే బ్రేకును అదిమేస్తుంది, వెనకవాడు వచ్చి గుద్దుతాడు. చాలారోజుల ఎండ తర్వాత పడే తొలి వానలో వెనక చక్రాల బండి తోక విదిలిస్తుంది, మలుపుల్లో గట్టిగా తొక్కకు.

డబ్బు సంగతి. క్రెడిట్ హిస్టరీ లేనివాళ్లకు 15 శాతం వడ్డీ చెప్పారనుకో, 9,500 మీద 60 కంతులకు నెలకు 226 డాలర్లు. మొత్తం 13,560, అంటే వడ్డీయే 4,060. ఊళ్లో చదువు అప్పు ఇంకా తీరకపోతే ఇది చేయొద్దు. కొన్న రోజే రిపేర్ల కోసం 3 వేలు పక్కన పెట్టగలిగితేనే దిగు. ఇన్సూరెన్సు కొటేషన్ బేరానికి ముందే విన్ నంబరుతో తీసుకో. టెక్సాస్ కనీసం 30/60/25 అంటుంది. ఎదుటివాళ్లలో ఒకరి గాయాలకు 30 వేలు, అందరి గాయాలకు కలిపి 60 వేలు, చివరి 25 అంటే ఎదుటివాడి ఆస్తికి 25 వేలే. ఇప్పటి కొత్త బండి ఒక్కటి గుద్దినా అది చాలదు. 100/300/100 తీసుకో.

కొన్న 30 రోజుల్లోపు 130-యు ఫారంతో టైటిల్ నీ పేరుకు మార్పించు, 6.25 శాతం అమ్మకం పన్ను ఉంటుంది. తిరిగి ఇండియాకు పోయేటప్పుడు బండి వెంట తీసుకుపోదామనుకోవద్దు, ఎడమ స్టీరింగ్ పాత బండిని అక్కడ దిగుమతికి ఒప్పుకోరు. అమ్మినప్పుడు నంబరు ప్లేట్లు విప్పి నీ దగ్గరే ఉంచుకో, 30 రోజుల్లోపు డీఎంవీకి (ఇక్కడి వాహనాల శాఖ) వెహికల్ ట్రాన్స్‌ఫర్ నోటిఫికేషన్, అంటే బండి అమ్మేసినట్టు సమాచారం పంపు. పంపకపోతే కొన్నవాడి టోలు బిల్లులు, పార్కింగ్ జరిమానాలు నీ పేరు మీదే వస్తుంటాయి.