సూచనల పెట్టె ఎందుకు ఖాళీగా ఉంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో మూడు పనిచేసే చోటు గురించినవి. ఊళ్లూ వృత్తులూ వేరైనా అవి అడుగుతున్న విషయం ఒకటే కాబట్టి మూడింటికీ ఒకేచోట జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: ఒక మరమగ్గాల యూనిట్ నా నిర్వహణలో నడుస్తోంది. మీటరు లెక్కన కూలి ఇస్తున్నాం. ఎక్కువ నేస్తే ఎక్కువ వస్తుందని తెలిసినా దాదాపు అందరూ రోజూ ఒకే హద్దు దగ్గర ఆగిపోతారు. బట్టలో లోపం వస్తే నేసేవాడు కండెలు మార్చేవాణ్ణి చూపిస్తాడు, అతను మగ్గాలు సరిచేసే జాబరును చూపిస్తాడు. కెమెరాలు పెట్టాం, లోపానికి కూలిలో కోత పెట్టాం, మంచి ఆలోచన చెప్పమని గోడకు సూచనల పెట్టె తగిలించాం. ఎనిమిది నెలల్లో అందులో పడినవి రెండే చీటీలు, రెండూ మంచినీళ్ల గురించినవే. వీళ్లను మాన్పించి వేరే రాష్ట్రం నుంచి కొత్తవాళ్లను తెచ్చుకోవడమే మార్గమా?
— ఒక పాఠకుడు, సిరిసిల్ల

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపినవి ఆ రెండు చీటీలు. మంచినీళ్ల విషయంలో ఏం చేశారో మీరు రాయలేదు. పెట్టెలో వేసిన చీటీ ఏమైందో షెడ్డులో ప్రతి ఒక్కరూ కనిపెట్టి చూస్తుంటారు. నీళ్లు అడిగితేనే జవాబు రాని చోట, సాంచా (మరమగ్గం) అమరిక గురించి తనకు తట్టిన ఆలోచనను ఎవరు రాసి వేస్తారు? తక్కినవన్నీ తరువాత చూద్దాం, ముందు నీళ్ల ఏర్పాటు చేయించండి. చీటీ రాసిందెవరని మాత్రం ఆరా తీయకండి.

మీ షెడ్డు సమస్యకు చాలా దగ్గరగా ఉన్న ఉదాహరణ ఒకటి మన దేశంలోనే ఉంది. అహ్మదాబాదులోని కాలికో మిల్లు 1952లో ఒక షెడ్డులో ఆటోమేటిక్ సాంచాలు పెట్టింది. యంత్రాలు కొత్తవి, కార్మికులు అనుభవం ఉన్నవాళ్లు, అయినా అనుకున్నంత ఉత్పత్తి రాలేదు, లోపాలూ తగ్గలేదు. పనిచేసే చోట మానవ సంబంధాలను అధ్యయనం చేసే లండన్‌లోని టావిస్టాక్ సంస్థకు చెందిన ఎ.కె. రైస్ 1953లో ఆ షెడ్డును పరిశీలించినప్పుడు, 224 సాంచాల మీద జరిగే పనిని పన్నెండు రకాల ఉద్యోగాలుగా విడగొట్టి ఉంచినట్లు గమనించారు. నేసేవాడు ఒక్కొక్కరు సుమారు 30 సాంచాలు చూసుకోవాలి, కండెలు నింపేవాడు సుమారు 50, తెగిన పోగులు అతికేవాడు సుమారు 75. ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. ఒకరి హద్దు మరొకరి హద్దుతో ఎక్కడా కలవదు. నేసేవాడికి తన కండెల మనిషి ఫలానా అని చెప్పుకునే వీలు లేదు. కండెలు నింపేవాడికి, ఒకేసారి ఇద్దరు పిలిస్తే ఎవరి దగ్గరికి ముందు వెళ్లాలో తెలియదు. అలాంటి చోట సాంచా ఆగినప్పుడు పక్కవాడి వైపు వేలు చూపడం స్వభావదోషం అనడానికి నాకు మనసొప్పదు. అక్కడ ఎవరున్నా చేసేది అదే.

రైస్ ప్రతిపాదించిన మార్పు వినడానికి చాలా చిన్నది. ఏడుగురు కలిసి ఒక జట్టు, ఆ జట్టుకు 64 సాంచాలు, వాటి మంచిచెడ్డలన్నీ వాళ్లవే. ఈ మాట చర్చకు రాగానే కార్మికులు దాన్ని తమదిగా చేసుకుని, ఎవరెవరు ఏ జట్టులో ఉండాలో తామే నిర్ణయించి జాబితాలు తెచ్చారు. మొదట కొన్ని వారాలు ఒడిదుడుకులు వచ్చాయి, ఏర్పాటును సరిదిద్దవలసి వచ్చింది. కుదురుకున్న తరువాత సాంచాల సామర్థ్యం 80 శాతం నుంచి 95 శాతానికి పెరిగింది, దెబ్బతిన్న బట్ట 32 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. మనుషులు మారలేదు, సాంచాలు మారలేదు. ఎవరు ఎవరితో కలిసి దేనికి జవాబుదారీ అన్న ఒక్కటే మారింది.

అయితే ఈ కథకు రెండో భాగం ఉంది, అది చెప్పకపోతే మీకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. 1970లో అదే సంస్థకు చెందిన ఎరిక్ మిల్లర్ మళ్లీ ఆ మిల్లుకు వెళ్లి చూసినప్పుడు, ఒక షెడ్డులో జట్ల పద్ధతి నిలిచి ఉంది కానీ మిగిలిన చోట్ల పాత పద్ధతి చాలావరకు తిరిగి వచ్చేసింది. ఒకసారి జట్లు కట్టి చేతులు దులుపుకుంటే చాలదన్నమాట. కొత్త రకం బట్ట నేయవలసి వచ్చినప్పుడు, ఆర్డర్ల ఒత్తిడి పెరిగినప్పుడు, మనిషి కొరత వచ్చినప్పుడు జట్టును విడదీయకుండా కాపాడే పని మీలాంటి నిర్వాహకుడిదే.

ఇక రోజూ ఒకే హద్దు దగ్గర ఆగిపోవడం సంగతి. షికాగో పక్కన సిసెరోలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీకి హాథార్న్ అనే పెద్ద కర్మాగారం ఉండేది. 1931, 1932 సంవత్సరాలలో అక్కడ టెలిఫోన్ పరికరాలకు తీగలు కలిపేవారు, వాటికి టంకం వేసేవారు, తనిఖీ చేసేవారు మొత్తం 14 మందిని ఒక గదిలో కూర్చోబెట్టి నెలల తరబడి గమనించారు. జట్టు మొత్తం ఎంత చేస్తే అంత కూలి పెరిగే పద్ధతి వాళ్లది. అయినా రోజుకు ఇంత చాలు అని తమలో తామే ఒక లెక్క పెట్టుకున్నారు. ఎక్కువ చేసినవాడికి ఎగతాళి పేర్లు పెట్టేవారు, భుజం మీద గుద్దేవారు. మరీ తక్కువ చేసినవాడిని, పైవాళ్లకు చెప్పినవాడిని కూడా వదిలేవారు కాదు. కారణం సోమరితనం కాదు. ఎక్కువ చేస్తే అదే రేపటి కొలత అవుతుందని, కూలి రేటు కోస్తారని, లేదా కొందరిని తీసేస్తారని వాళ్ల భయం. బయట మాంద్యం నడుస్తున్న ఆ రోజుల్లో అది ఊహల్లో పుట్టిన భయమని అనలేం. మీ యూనిట్‌లో గత నాలుగైదేళ్లలో మీటరు రేటు ఎప్పుడైనా తగ్గించారా? తగ్గించి ఉంటే, అది ఎవరైనా ఎక్కువ నేసిన నెలల తరువాతే జరిగిందా? మీకు గుర్తు లేకపోయినా వాళ్లకు తప్పక గుర్తుంటుంది.

కొత్తవాళ్లను తెచ్చుకోవడం గురించి అడిగారు. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ కార్ల కర్మాగారం ఒకటి 1982లో మూతపడింది. గైర్హాజరు 20 శాతం దాకా ఉండేది, సమ్మెలకూ నాసిరకం పనికీ అది పేరుపడ్డ చోటు. 1984లో టయోటా, జనరల్ మోటార్స్ కలిసి దాన్ని మళ్లీ తెరిచినప్పుడు పనిలోకి తీసుకున్నవారిలో అత్యధికులు ఆ పాత కార్మికులే, యూనియన్ కూడా అదే. కొద్ది కాలంలోనే గైర్హాజరు రెండు, మూడు శాతానికి దిగింది, కార్ల నాణ్యత జపాన్ కర్మాగారాలతో పోల్చదగిన స్థాయికి చేరింది. అంతకుముందు కార్లు వరసగా తయారయ్యే లైను ఆపడమంటే దాదాపు క్షమించరాని తప్పు. కొత్త పద్ధతిలో లోపం కనబడితే తాడు లాగి లైను ఆపించడం ప్రతి కార్మికుడి విధి. స్టాప్‌వాచ్ పట్టుకుని పనికి కాలం కొలిచే అధికారం ఇంజినీర్ల చేతి నుంచి జట్టు చేతికి వచ్చింది. అన్నిటికన్నా ముఖ్యం, 1988లో అమ్మకాలు పడిపోయినప్పుడు ఎవరినీ తీసేయకుండా, మిగిలిన సమయాన్ని శిక్షణకూ పని మెరుగుదలకూ వాడుకున్నారు. తన ఆలోచన వల్ల తన ఉద్యోగమే పోదని నమ్మకం కుదిరినవాడే ఆలోచన చెబుతాడు.

నేను ఒక కర్మాగారం సిబ్బంది విభాగంలో పనిచేసిన రోజుల్లో, అలసత్వం పేరుతో ఒక ఫిట్టరుకు మూడు మెమోలు నా చేతులతోనే రాశాను. అతను తన ఊరి వినాయక చవితి పందిరికి పాత మోటార్లతో కదిలే బొమ్మలు తయారుచేస్తాడని, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వాటిని చూడటానికి వస్తారని చాలాకాలం తరువాత తెలిసింది. ఆ నేర్పు గేటు బయటే ఎందుకు ఆగిపోయిందని ఆనాడు నేను అడగలేదు. మీరు మనుషులను మార్చేముందు లోపానికి పెట్టిన కోతను మూడు నెలలు ఆపి, రెండు జట్లకు సాంచాలు పంచి ఇచ్చి, మీటరు రేటు తగ్గించబోమని రాతపూర్వకంగా చెప్పి చూడండి.

ప్రశ్న: నేను సాఫ్ట్‌వేర్ సంస్థలో డిజైనర్‌ను. ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో పది నిమిషాలకొకసారి మా స్క్రీన్ ఫోటో తీసే సాఫ్ట్‌వేర్ పెట్టారు. ప్రతి శుక్రవారం తలా ఒక కొత్త ఆలోచన ఇవ్వాలి, ఉత్తమమైనదానికి నగదు బహుమతి. పేచీ రాని చిన్న చిన్న విషయాలే ఇస్తూ నెట్టుకొస్తున్నాను. నాలో సృజన తగ్గిపోయిందా?
— ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: తగ్గలేదు. ఏది అడిగితే అది ఇస్తున్నారు. వారానికొకటి, గడువులోపల, తిరస్కరించడానికి వీల్లేనిది కావాలన్నారు. అలాంటిదాన్నే మీరు ఎంచుకుంటున్నారు. పది నిమిషాలకొకసారి కన్ను పడే తెర మీద ఏదో ఒకటి కదులుతూ ఉండాలి కాబట్టి, కిటికీలోంచి చూస్తూ గంటసేపు తలలో తిప్పుకోవలసిన సమస్యను మీరు ముట్టుకోరు. పైకి ఖాళీగా కనిపించే ఆ గంటే డిజైనర్ పనిలో అసలు భాగం.

బహుమతి సంగతికి వస్తే, అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త టెరీసా అమాబిలే 1985లో ప్రచురించిన ఒక ప్రయోగం చెబుతాను. రచన మీద నిజమైన ఆసక్తి ఉన్న 72 మంది చేత ఒక చిన్న కవిత రాయించారు. తరువాత కొందరికి, డబ్బు, పేరు, ఇతరుల మెప్పు వంటి రాయడానికి బయటి కారణాలున్న జాబితా ఇచ్చి వాటిని ప్రాధాన్యం ప్రకారం అమర్చమన్నారు. ఇంకొందరికి రాయడంలోని ఆనందానికి సంబంధించిన కారణాల జాబితా ఇచ్చారు. మిగిలినవారికి ఏ జాబితా లేదు. ఆ తరువాత అందరూ రెండో కవిత రాశారు. ఎవరు ఏ వర్గమో తెలియని 12 మంది కవులు వాటిని అంచనా వేస్తే, బయటి కారణాల గురించి ఆలోచించినవారి రెండో కవితలు స్పష్టంగా వెనకబడ్డాయి. వాళ్లకు ఎవరూ డబ్బు ఇవ్వలేదు, ఆశ పెట్టలేదు. ఐదు నిమిషాల ఆలోచనకే అంత తేడా వచ్చింది. మీ సంస్థ ఆ ఐదు నిమిషాలను ప్రతి శుక్రవారం పెట్టిస్తోంది.

డబ్బు వద్దని నేను అనడం లేదు. సరైన జీతం, దానితో నిశ్చింత ఉండి తీరాలి. ఒక ఆలోచనకు వెల కట్టి పోటీ పెట్టినప్పుడే చిక్కు వస్తుంది. మీ మేనేజరుతో మాట్లాడే వీలుంటే నిఘా గురించి ఫిర్యాదుతో మొదలుపెట్టకండి. శుక్రవారం ఆలోచనలకు బదులు, ఒక కష్టమైన సమస్యను మీ జట్టుకు అప్పగించి ఆరు వారాలు మధ్యలో అడగకుండా ఉండగలరా అని అడగండి. ఒప్పుకుంటే ఆ ఆరు వారాల పని మీ తరఫున మాట్లాడుతుంది. ఒప్పుకోకపోతే, వేరే ఉద్యోగం వెతుక్కోవడంలో తప్పేమీ లేదు.

ప్రశ్న: ప్రైవేటు ఆసుపత్రిలో హెడ్ నర్సుగా ఉన్నాను. గతంలో మందు పొరపాటు గురించి రిజిస్టరులో రాసిన ఒక అమ్మాయికి మెమో ఇచ్చారు. నిరుడు మా వార్డు రిజిస్టరులో ఒక్క పొరపాటు కూడా నమోదు కాలేదు. యాజమాన్యం మమ్మల్ని అభినందించింది. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు.
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, మీ భయమే సరైనది. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రి వార్డుల మీద చేసిన పరిశీలన 1996లో వెలువడింది. మంచి నాయకత్వం, పరస్పర గౌరవం ఉన్న వార్డులలో పొరపాట్లు తక్కువ ఉంటాయని ఆమె ఎదురుచూశారు. లెక్కలు తలకిందులుగా వచ్చాయి, ఆ వార్డులలోనే ఎక్కువ నమోదయ్యాయి. లోతుగా చూస్తే తేలింది ఏమిటంటే, అక్కడివారు పొరపాటును ధైర్యంగా చెప్పుకుంటున్నారు, మిగిలిన చోట్ల దాచుకుంటున్నారు. మీ రిజిస్టరులోని సున్నా ఆ ఒక్క మెమో ఫలితం కావచ్చు.

రోగికి చేరకముందే పట్టుకున్న పొరపాట్ల కోసం, పేర్లు రాయనక్కరలేని విడి పుస్తకం ఒకటి మీ ఒక్క వార్డులో పెట్టడానికి అనుమతి అడగండి. ఒకేలా కనిపించే రెండు సీసాలు పక్కపక్కన ఉండటం, డాక్టరు చేతిరాత అర్థం కాకపోవడం, షిఫ్టు మారే హడావిడి వంటివి అందులో బయటపడతాయి; వాటిని సరిచేయడం మీ చేతిలో ఉన్న పని. మొదటి నమోదు మీరే చేయండి, అది మీ సొంత పొరపాటే అయి ఉండాలి, దాన్ని షిఫ్టు అప్పగింత వేళ అందరి ముందూ చదవండి. మొదటి నెలల్లో అంకె తప్పకుండా పెరుగుతుంది. ఆ పెరుగుదల చూసి ఎవరికీ మెమో ఇవ్వకూడదని యాజమాన్యాన్ని ముందుగానే ఒప్పించుకున్న తరువాతే ఆ పుస్తకం తెరవండి.