ఫోన్ కవర్లో ఏటీఎం కార్డు

తమ్ముడూ, బెంగళూరు మారతహళ్లి పీజీలో దిగి మూడు నెలలైంది, పక్క మంచం కుర్రాడు నీ వాట్సాప్ చదువుతున్నాడని అనుమానం, ఎవరికీ చిక్కకుండా ఫోన్ ఎలా కాపాడుకోవాలి అని అడిగావు. చెబుతాను. ముందు డబ్బు సంగతి. చాటింగ్ చదివితే పోయేది పరువు, అదీ కొంచెమే. ఖాతా ఊడ్చేస్తే ఈ ఊళ్లో మర్నాడు ఇడ్లీకి కూడా అప్పు పుట్టదు.

2014లో నేనూ నీలాంటివాణ్ణే. ఒంగోలు నుంచి వచ్చి ఏడాది నిండలేదు. ఓ ఆదివారం గాంధీనగర్‌లో తెలుగు సినిమా చూసి మెజెస్టిక్‌లో 335ఈ బస్సెక్కాను. కాలు మోపే సందు లేదు. దొమ్మలూరు దగ్గర జేబు తడుముకుంటే ఫోన్ లేదు. ఏడుపొచ్చింది గానీ, ప్యాటర్న్ లాక్ ఉంది కదా, ఎవడేం చేస్తాడులే అని రూముకొచ్చి పెరుగన్నం తిని పడుకున్నాను.

దొంగ ఆ ప్యాటర్న్ జోలికే పోలేదు. సిమ్ పీకి వేరే ఫోన్లో వేసుకున్నాడు. ఇక కార్డంటావా, పర్సు లావవుతోందని నేనే ఫోన్ కవర్లో పెట్టి అందించాను. ముందువైపు నంబరు, వెనకవైపు మూడంకెలు, ఓటీపీలు నేరుగా వాడి చేతికే. డబ్బు కోత మెసేజీలు కూడా వాడికే పోయాయి, నాకెలా తెలుస్తుంది? మర్నాడు ఆఫీసు కంప్యూటర్లో నెట్ బ్యాంకింగ్ తెరిచి చూస్తే 112 రూపాయలు. 31,400 గల్లంతు. బ్యాంకుకు ఫోన్ చేస్తే, ‘మీ రిజిస్టర్డ్ నంబరు నుంచి చేయండి’ అన్నారు! స్టేషన్లో ‘కన్నడ గొత్తిల్ల’ అని బిత్తరచూపులు చూశాను. ఇప్పుడైతే కన్నడలోనే పోట్లాడతాననుకో, అది వేరే సంగతి.

అందుకే ముందు సిమ్‌కి పిన్ పెట్టు. సెట్టింగ్స్‌లో సిమ్ లాక్ అని ఉంటుంది. ఇక సిమ్ ఏ ఫోన్లో వేసినా పిన్ అడుగుతుంది. కంపెనీవాడిచ్చే మొదటి పిన్ ఏదో కనుక్కో, ఊహించి కొట్టకు. మూడుసార్లు తప్పితే పీయూకే అనే ఇంకో తాళం కోడ్ అడుగుతుంది, అదీ పదిసార్లు తప్పితే సిమ్ చచ్చినట్టే. లాక్ స్క్రీన్ మీద మెసేజీ పూర్తిగా కనబడకుండా కూడా చెయ్యి, లేకపోతే తాళం తీయకుండానే ఓటీపీ చదివేయొచ్చు.

రెండోది, జీతం పడే ఖాతాను యూపీఐకి కలపకు. వేరే ఖాతా తెరిచి, నెలకు సరిపడా అందులో వేసుకో. నేను ఐదువేలకు మించి ఉంచను. ‘టీ కొట్టుకో ఖాతా, కూరగాయలకో ఖాతా’ అని మా ఆవిడ ఎగతాళి చేస్తుంది, చెయ్యనీ.

పీజీ గ్రూపులో పెళ్లి పత్రిక అనో, ట్రాఫిక్ చలానా అనో ఫైలొస్తుంది. పేరు చివర ఏపీకే అనుంటే ముట్టుకోకు. అది పత్రిక కాదు, యాప్. మెసేజీలు చదవడానికి అనుమతి ఇచ్చావంటే నీ ఓటీపీలు ఎక్కడో కూర్చున్నవాడికి చేరతాయి. యాక్సెసిబిలిటీ అనుమతి అడిగితే మరీ ప్రమాదం, తెరమీద ఉన్నదంతా చదివి, నీ బదులు వాడే నొక్కగలడు.

ఇక నీ పక్క మంచం సంగతి. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ తెరువు. నీది కాని కంప్యూటరు కనిపిస్తే లాగౌట్ కొట్టు. నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు, నీ ఫోన్ తాళం తెలిసినవాడైతే క్యూఆర్ కోడ్ స్కాన్ చేసుంటాడు, అంతకంటే పెద్ద విద్యేం కాదు. టూ స్టెప్ పిన్ కూడా పెట్టుకో, నీ నంబరుతో వేరొకడు వాట్సాప్ అంత సులువుగా తెరవలేడు. ఫోన్లో దూరి నిఘా పెట్టే పెగాసస్ అని 2021లో పేపర్ల నిండా రాశారే, అది నీ ఫోన్లో దూరిందేమోనని భయపడకు. అంత ఖరీదైన సరుకు మన ‘అన్నం తిన్నావా’ మెసేజీల కోసం ఎవడు కొంటాడు?

డబ్బు పోయిన క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి, తర్వాతే అమ్మకు. ఫోన్ పోతే సంచార్ సాథీ అనే ప్రభుత్వ సైట్లో ఐఎంఈఐ, అంటే ఫోన్ గుర్తింపు నంబరిచ్చి బ్లాక్ చేయించొచ్చు, దానికి పోలీసు ఫిర్యాదు కాపీ కావాలి. మిగతా రూల్స్ ఆ సైట్లోనే ఉన్నాయి, చదువుకున్నవాడివి, చూసుకో. *#06# కొడితే పదిహేనంకెలు వస్తాయి, ఇప్పుడే కాగితం మీద రాసి పెట్టెలో దాచు. ఫోన్లోనే రాసుకునేవు, నేనా పనీ చేశాను.

ఇంతకీ నీ కార్డెక్కడుంది? కవర్ తీసి చూడు.