కౌంటర్ మీద ముద్దొచ్చే పిస్టల్ సంగతి

చిరంజీవి అబ్బాయికి,

బాబాయి ఆశీస్సులు. మొన్న రాత్రి స్టోర్ కట్టేసి, కార్లో కూర్చుని ఫోన్ చేశావు. "చొక్కా కింద నడుముకి పెట్టుకునేందుకు ఒక్క పిస్టల్ పేరు చెప్పు బాబాయ్, శనివారం వెళ్లి తెచ్చేసుకుంటా" అన్నావు. నీ గొంతులో భయం నాకు తెలిసిపోయింది. పక్క రోడ్డులో గ్యాస్ స్టేషన్ మీద దోపిడీ పడిందని విన్నాక ఎవరికైనా నిద్ర పట్టదు. నేనూ అలాంటి భయంతోనే 2009లో మొదటి పిస్టల్ కొన్నాను. తప్పు పిస్టల్ కొన్నాను. అందుకే ఫోన్లో పేరు చెప్పకుండా ఈ ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువు, కోడలి చేత కూడా చదివించు.

ముందు కాగితాల సంగతి. నీకు గ్రీన్ కార్డు వచ్చింది కాబట్టే ఇది మాట్లాడుకుంటున్నాం. హెచ్‌1బి మీదో, స్టూడెంట్ వీసా మీదో ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. హంటింగ్ లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, కానీ లాయరుని అడగకుండా వాటి జోలికి పోకూడదు. మీ బావమరిది హెచ్‌1బి మీద మీ ఇంట్లోనే ఉంటున్నాడు కదా. సేఫ్ తాళం గానీ, నంబరు గానీ అతనికి తెలియకూడదు. "ఒకసారి పట్టుకుని చూస్తా బావా" అంటే మొహమాటపడి చేతికివ్వకు. ఆ ఒక్క మాటకి అతని వీసా, నీ గ్రీన్ కార్డు రెండూ చిక్కులో పడతాయి.

షాపులో 4473 అనే ఫారం నింపిస్తారు. నీ ఇమిగ్రేషన్ నంబరు అందులో రాయాలి, గ్రీన్ కార్డు వెంట తీసుకెళ్లు. డ్రైవింగ్ లైసెన్సు మీద ఇప్పుడుంటున్న ఇంటి అడ్రసే ఉండాలి. నువ్వు ఈ మధ్యే ఇల్లు మారావు, లైసెన్సు మార్పించుకున్నావా? "ఇది నీకోసమే కొంటున్నావా" అని అడిగే ప్రశ్న తేలిగ్గా తీసుకోకు. కొనడానికి అర్హత లేని స్నేహితుడి కోసం నీ పేరు మీద కొంటే జైలే. గంజాయి గురించి కూడా ఉంటుంది. కొన్ని రాష్ట్రాల్లో అమ్ముతున్నా ఫెడరల్ చట్టానికి అది ఇంకా నేరమే.

టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్లు నిండి, చట్టపరంగా అడ్డేమీ లేనివాళ్లు పర్మిట్ లేకుండానే పిస్టల్ ఒంటిమీద పెట్టుకుని బయట తిరగొచ్చు. అయినా నువ్వు పిస్టల్ వెంట పెట్టుకునే లైసెన్సు, అంటే ఎల్‌టీసీ తీసుకో. రాష్ట్రానికి కట్టే ఫీజు 40 డాలర్లు, ఒక పూట క్లాసు. 3 గజాల నుంచి 20, 7 గజాల నుంచి 20, 15 గజాల నుంచి 10 రౌండ్లు, అంటే తూటాలు, కాలుస్తావు, 250కి 175 రావాలి. పరీక్ష కష్టమేం కాదు. నాకు విలువైనదిగా అనిపించింది ఆ క్లాసులో చెప్పిన చట్టం. ఎప్పుడు బయటికి తీయకూడదు, ఎవరి తలుపు మీద 30.06 బోర్డు ఉంటే లోపలికి తీసుకెళ్లకూడదు, పిస్టల్‌తో లోపలికి రావద్దని బార్ ముందు పెట్టే ఎర్రటి 51 శాతం బోర్డుకి అర్థమేంటి, ఇవన్నీ అక్కడే నేర్చుకున్నాను. గుడికి వెళ్లినా సరే, గుమ్మం దగ్గర బోర్డు చూసుకో. న్యూజెర్సీలో ఎడిసన్‌కి మీ పెద్దక్క ఇంటికి వెళ్తే మాత్రం పిస్టల్ ఇక్కడే వదిలిపెట్టు. ఆ రాష్ట్రం మన టెక్సాస్ ఎల్‌టీసీని ఒప్పుకోదు.

ఇక నువ్వు అడిగినదానికి వస్తాను.

2009లో నేను కొన్నది .380 అనే సైజు తూటాలు వేసే బుల్లి పిస్టల్. ఏ కంపెనీదన్నది అనవసరం, తప్పు నాది. షాపులో అద్దం పెట్టె లోంచి తీసి కౌంటర్ మీద పెడితే ముద్దొచ్చింది. చొక్కా జేబులో పట్టేసింది. ఇంకేం చూడలేదు, డబ్బు కట్టేశాను. ఆ ఆదివారం కాల్చడం ప్రాక్టీసు చేసే రేంజ్‌కి తీసుకెళ్లాను. చిటికెన వేలుకి పట్టు దొరకలేదు, కింద గాల్లో వేలాడింది. పేల్చినప్పుడల్లా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం మీద ఎవరో రూళ్లకర్రతో కొట్టినట్టుండేది. రెండో మ్యాగజైన్‌కి (తూటాలు నింపి పిడిలో పెట్టే డబ్బీ) చెయ్యి ముందే బిగుసుకుపోవడం మొదలైంది, పేలకముందే పిస్టల్ ముక్కు కిందికి దించేస్తున్నాను. 7 గజాల దూరంలో అన్నం ప్లేటంత కాగితం మీద పది వేస్తే నాలుగు తగిలాయి. ఇంటికొచ్చి సొరుగులో పడేశాను. మూడేళ్లు అక్కడే ఉంది. ఆ మూడేళ్లూ నా దగ్గర పిస్టల్ ఉందనే ధైర్యంతో తిరిగాను, అది ఉత్తి ధైర్యం.

చిన్న పిస్టల్ మోయడానికి తేలిక, పేల్చడానికి కష్టం. తూటా అదే సైజుది, 9 ఎంఎం అనుకో, అయినప్పుడు పిస్టల్ బరువు తగ్గేకొద్దీ చేతికి తగిలే దెబ్బ పెరుగుతుంది. బ్యారెల్, అంటే తూటా బయటికొచ్చే గొట్టం, పొట్టిదైతే గురి చూసుకునే ముందు సైటుకీ వెనక సైటుకీ దూరం తగ్గి, గురిలో నువ్వు చేసే వెంట్రుకంత తప్పు కాగితం మీద బెత్తెడు తప్పవుతుంది. కొత్తగా నేర్చుకునేవాడికి ఇవి రెండూ శత్రువులే. అందుకని "అన్నిటికన్నా చిన్నది ఏది" అని అడగొద్దు. "నా చొక్కా కింద దాగేవాటిలో పెద్దది ఏది" అని అడుగు.

ఇంకో ముక్క చాలామందికి తెలియదు. చొక్కా కింద ఉబ్బెత్తుగా బయటపడేది బ్యారెల్ కాదు, పిడి. బ్యారెల్ ప్యాంటు లోపలికి పోతుంది, అరంగుళం పొడుగున్నా ఎవరికీ కనబడదు. వంగినప్పుడు చొక్కాని పొడుచుకొచ్చేది పిడి చివర. పోల్చేటప్పుడు మొత్తం పొడవు మీద కాకుండా పిడి ఎత్తు మీద, మందం మీద దృష్టి పెట్టు.

గ్లాక్ 19 అనే పిస్టల్ గురించి అందరూ చెప్తారు, నిజంగానే మంచిది. 1988 నుంచి ఉంది, మ్యాగజైన్‌లో 15 పడతాయి, బ్యారెల్ 4 అంగుళాలు. పూర్తిగా నింపితే 30 ఔన్సుల దాకా, అంటే ముప్పావు కిలో పైన తూగుతుంది. నేర్చుకోవడానికి దాన్ని మించింది లేదని నా అభిప్రాయం. కానీ నువ్వు పన్నెండు గంటలు కౌంటర్ దగ్గర నిలబడతావు, కూలర్‌లో పాల క్యాన్లు సర్దడానికి వంగుతావు. ఆ మందానికి వారం రోజుల్లో నడుము విసుగెత్తిపోతుంది. విసుగెత్తితే ఇంట్లో వదిలేసి వెళ్తావు.

సన్నటి పిస్టళ్లలో ఒకప్పుడు ఆరో, ఏడో పట్టేవి. 2018లో సిగ్ పీ365 వచ్చి ఆ లెక్క మార్చేసింది. అంగుళం మందంలో, 18 ఔన్సుల లోపు బరువులో 10 రౌండ్లు పట్టేట్టు మ్యాగజైన్ చేశారు. కింద తూటాలు రెండు వరసలుగా ఉండి, పైకి వచ్చేసరికి ఒక వరసలోకి కలుస్తాయి. తర్వాత ఏడాదే స్ప్రింగ్‌ఫీల్డ్ హెల్‌క్యాట్, గ్లాక్ 43ఎక్స్ వచ్చాయి. 2021లో స్మిత్ అండ్ వెస్సన్ షీల్డ్ ప్లస్ వచ్చింది. నువ్వు వెతకాల్సింది ఈ నాలుగింటిలోనే.

పీ365 నాలుగింటిలోకీ బాగా దాగుతుంది, కానీ నీ అరచెయ్యి మీ నాన్నది, వెడల్పు. పొట్టి మ్యాగజైన్ పెడితే నీ చిటికెన వేలుకి చోటుండదని నా అనుమానం. దాని అన్న పీ365 ఎక్స్‌ఎల్‌ పట్టుకుని చూడు, పిడి కాస్త పొడుగు, 12 పడతాయి. హెల్‌క్యాట్ నాకు చేతిలో ఎగిరినట్టనిపించింది, నీకు అలా అనిపించకపోవచ్చు. 43ఎక్స్‌కి పిడి నిండుగా ఉంటుంది, 10 పడతాయి, మందం మాత్రం సన్నమే. చెయ్యి పెద్దదైనవాళ్లకి హాయి. పొరపాటున పేలకుండా ఆపే సేఫ్టీ, పైన వేలితో జరిపేది, గ్లాక్‌లకి ఉండదు, ట్రిగ్గర్ మీదే ఉంటుంది. అది భయమనిపిస్తే షీల్డ్ ప్లస్, పీ365 రెండూ సేఫ్టీ ఉన్నవీ లేనివీ దొరుకుతాయి. నేనిప్పుడు రోజూ పెట్టుకునేది షీల్డ్ ప్లస్. 10 పట్టే మ్యాగజైన్ ఒకటి, 13 పట్టేది ఒకటి ఇస్తారు, ట్రిగ్గర్ ఎంతవరకు నొక్కితే పేలుతుందో వేలికి స్పష్టంగా తెలుస్తుంది. నాకు కుదిరింది కాబట్టి నీకూ కుదరాలని లేదు.

కోడలికి కూడా నేర్పిస్తానన్నావు, సంతోషం. ఆడపిల్ల అనగానే షాపులో ఐదు తూటాల బుల్లి రివాల్వర్ తీసి చూపిస్తారు. ఒప్పుకోవద్దు. అంత తేలిక రివాల్వర్ పేలిస్తే చెయ్యి మంట పుడుతుంది, ట్రిగ్గర్ బరువుకి గురి చెదిరిపోతుంది. అనుభవం ఉన్నవాళ్ల చేతిలో అది మంచి ఆయుధం, మొదటిరోజు చేతిలో కాదు. మీ పిన్నికి వేళ్ల కీళ్ల నొప్పులు. మామూలు పిస్టల్ స్లైడ్, అంటే పైన జరిగే భాగం, వెనక్కి లాగలేకపోయేది. షీల్డ్ ఈజీ అని ఒకటుంది, .380లోనూ 9 ఎంఎంలోనూ వస్తుంది. దాని స్లైడ్ మీ పిన్ని మొదటిసారే లాగి, నావైపు చూసి నవ్వింది. సెకండ్‌హ్యాండ్‌ది దొరికితే మాత్రం జాగ్రత్త. 2020 మార్చి, అక్టోబరు మధ్య తయారైన 9 ఎంఎం ఈజీల్లో కొన్నిటిని కంపెనీ వెనక్కి పిలిచింది. సీరియల్ నంబరు కంపెనీ వెబ్‌సైటులో సరిచూసుకున్నాకే డబ్బివ్వు.

షాపులో చేతికిచ్చేముందు అతను మ్యాగజైన్ తీసి, స్లైడ్ తెరిచి చూపిస్తాడు. నువ్వు మళ్లీ చూడు. కంటితో చూసి, చిటికెన వేలు తూటా కూర్చునే ఛాంబర్లో పెట్టి తడుము. అతను చూశాడు కదా అనుకోకు. ఎవరూ లేని గోడవైపే తిప్పి పట్టుకో. బొటనవేలి సందు పిడికి వీలైనంత పైకి ఆనాలి, బ్యారెల్ నీ ముంజేతి ఎముకకి తిన్నగా రావాలి. పిస్టల్ పక్కకి తిప్పుకోకుండానే చూపుడువేలి కొస మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద పడాలి. మ్యాగజైన్ వదిలే బటన్ బొటనవేలికి అందుతుందా? స్లైడ్ ఐదుసార్లు లాగు. తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కి చూడాలంటే ముందు అతన్ని అడుగు, అది మర్యాద.

ఇంత చూసినా అక్కడే కొనొద్దు. అద్దెకి పిస్టళ్లిచ్చే రేంజ్‌కి వెళ్దాం. ఒక్కోదానితో 50 రౌండ్లు, 7 గజాల నుంచి, ఒక్కో పేపర్ ప్లేటు. నేను చూసేది చివరి పది. మొదట్లో ఉత్సాహం మీద అందరూ బాగానే కాలుస్తారు. చెయ్యి అలిసిపోయాక కూడా ప్లేటు మధ్యలో పడుతున్నాయంటే అదే నీ పిస్టల్.

డబ్బంతా పిస్టల్‌కే పెట్టకు. ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పే కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్ హోల్‌స్టర్, వంగని బెల్టు, కనీసం ఇంకో మ్యాగజైన్, మొదటి నెలలోనే కాల్చడానికి తూటాలు, ఒక మంచి టీచరు దగ్గర క్లాసు. వీటికి పిస్టల్ ఖరీదులో సగమన్నా తీసి పక్కన పెట్టు. మెత్తటి గుడ్డ హోల్‌స్టర్ చవకగా వస్తుంది, దాని అంచు మడతపడి ట్రిగ్గర్‌లోకి దూరితే ప్రమాదం. తీసేటప్పుడు ఎంత వేగమైనా పరవాలేదు, తిరిగి పెట్టేటప్పుడు నెమ్మదిగా చూస్తూ పెట్టు. చొక్కా అంచు పక్కకి లాగిపెట్టు. కొన్నాక కనీసం 200 రౌండ్లు ఎక్కడా ఇరుక్కోకుండా పేలితేనే నడుముకి పెట్టు, ఆ తర్వాత రోజూ పెట్టుకునే హాలోపాయింట్లు, అంటే మొన బోలుగా ఉండే తూటాలు, కూడా ఒక మ్యాగజైన్ కాల్చి చూడు.

బుజ్జిదానికి నాలుగేళ్లు. పరుపు కింద, బీరువా పైన అనే మాట నా దగ్గర అనకు. పిస్టల్ నీ ఒంటిమీద ఉండాలి, లేదంటే నంబరు తాళం ఉన్న సేఫ్‌లో ఉండాలి. మూడో చోటు లేదు. తూటాలున్న తుపాకీ 17 ఏళ్ల లోపు పిల్లల చేతికి అందేలా వదిలేస్తే టెక్సాస్‌లో కేసు పెడతారు. కేసు సంగతి తర్వాత, నాకు ఆ పిల్ల కావాలి. ఇంట్లో పెద్దవాళ్లెవరైనా మనసు బాగోలేక రోజుల తరబడి మాట్లాడకుండా ఉంటే, ఆ రోజుల్లో కూడా పిస్టల్ ఇంట్లో ఉంచొద్దు. నాకు ఫోన్ చెయ్యి, ఎక్కడ పెట్టాలో చూస్తాను.

గల్లాపెట్టెలో డబ్బు అడిగితే ఇచ్చెయ్యి. పిస్టల్ ఉంది కదా అని దానికోసం నిలబడకు. ఆ డబ్బుకి ఇన్సూరెన్సు ఉంది. నువ్వు ప్రాణాలతో బయటపడే దారి ఇంకేదీ లేనప్పుడు మాత్రమే అది బయటికి రావాలి. పార్కింగ్‌లో ఎవడో హారన్ కొట్టాడని, తిట్టాడని తగాదాకి దిగే అలవాటు నీకు కొంచెం ఉంది. నడుముకి పిస్టల్ కట్టుకున్న రోజు నుంచీ అది మానెయ్యాలి. నాకు మాటివ్వు.

రేంజ్‌కి తీసుకెళ్లే సంచీ దానికే ఉండాలి, ఇంక దేనికీ వాడకు. ఆ సంచీ మూల ఒక్క తూటా మిగిలిపోయి, దాన్నే సంక్రాంతికి ఊరెళ్తూ పట్టుకెళ్లావనుకో, శంషాబాద్‌లో స్కానర్ పట్టుకుంటుంది. లైసెన్సు లేకుండా అక్కడ ఒక్క తూటా దొరికినా 1959 ఆయుధాల చట్టం కింద కేసే. "పొరపాటున వచ్చింది సార్" అంటే సెలవంతా కోర్టు చుట్టూ తిరగడమే.

శనివారం పొద్దున తొమ్మిదికి మా ఇంటికొచ్చెయ్యండి. పిన్ని ఉప్మా చేస్తానంది. రోజూ స్టోర్‌కి వేసుకునే చొక్కా, ప్యాంటే వేసుకుని రా, పండగ బట్టలతో కాదు. చెవులకి కళ్లకి కావాల్సినవి నా దగ్గర మూడు జతలున్నాయి. బుజ్జిదాన్ని పిన్ని చూసుకుంటుంది.

మీ బాబాయి