పాఠకుల సందేహాలు: ఒకే కంపెనీని నమ్ముకున్న విడిభాగాల తయారీ నిలుస్తుందా?

ప్రశ్న: మాది కావలి. మా అబ్బాయి మెకానికల్ డిప్లొమా చేసి, చెన్నై దగ్గర ఒరగడంలో కార్లకు రేకు భాగాలు చేసే చిన్న కంపెనీలో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాడు. వారి సరుకంతా ఒకే కార్ల కంపెనీకి పోతుందట, ఆ కంపెనీ ఏటా ధర తగ్గించమంటుందట. ఆస్ట్రేలియాలో కార్ల తయారీయే ఆగిపోయిందని చదివాను. మనకూ ఆ గతి పడుతుందా? వాడిని అక్కడే ఉండమనాలా, నెల్లూరు ఆటోనగర్‌లో షెడ్డు పెట్టుకోమనాలా?

జవాబు: ఏటా ధర తగ్గించమని అడగడం ఈ వ్యాపారంలో ప్రపంచమంతటా ఉన్నదే. ఒకే భాగాన్ని ఏళ్ల తరబడి చేసేవారికి పనిలో వృథా తగ్గుతుందన్నది దాని వెనుక లెక్క. లెక్క సబబే గాని, ఉక్కు ధర పెరిగిన ఏడాదీ అదే మాట అంటే ఒక్క కొనుగోలుదారు ఉన్న కంపెనీకి ఊపిరాడదు.

ఆస్ట్రేలియాలో 1980ల మధ్యలో విదేశీ కార్లపై 57.5 శాతం ఉన్న దిగుమతి సుంకం దశలవారీగా తగ్గి 2010 నాటికి 5 శాతానికి చేరింది. అయితే తప్పంతా సుంకానిదేనని నేననను. ఏటా సుమారు 10 లక్షల కొత్త కార్లు అమ్ముడయ్యే దేశంలో దిగుమతులకు పోగా మిగిలినదాన్ని ఫోర్డ్, హోల్డెన్ (జనరల్ మోటార్స్‌వారి ఆస్ట్రేలియా కంపెనీ), టయోటా పంచుకోవలసి రావడంతో ఎవరికీ చాలినన్ని కార్లు చేసే వీలు లేకపోయింది. తయారీ ఆపుతామని 2013 డిసెంబరులో హోల్డెన్ ప్రకటించగా, రెండు నెలలకే టయోటా కూడా అదే మాట చెప్పింది. ఒక కంపెనీ తప్పుకుంటే విడిభాగాలవారికి పని తగ్గి, మిగిలిన కంపెనీకి ఒక్కో భాగం ఖరీదు పెరుగుతుంది. 2017 అక్టోబరుతో అక్కడ కార్ల తయారీ ముగిసింది.

మన కథ వేరు. 1983లో మొదటి మారుతి 800 వచ్చినప్పుడు చాలా భాగాలు జపాను నుంచే వచ్చేవి. 1985 తరువాత జపాను కరెన్సీ యెన్ విలువ బాగా పెరిగి దిగుమతి భారం కావడం, ప్రభుత్వ షరతులు తోడవడం వల్ల ఇక్కడే విడిభాగాలు చేయించక తప్పలేదు. స్థానిక భాగాలు వాడాలన్న ఆ షరతులు ప్రపంచ వాణిజ్య సంస్థలో వివాదమై తరువాత తొలగిపోయాయి, అయినా అప్పటికే చేతులు పని నేర్చుకున్నాయి. చెన్నైలోని విడిభాగాల కంపెనీ సుందరం క్లేటన్‌కు 1998లో, నాణ్యతకు జపాను ఇచ్చే డెమింగ్ బహుమతి రావడం అందుకు సాక్ష్యం. విదేశీ కార్లపై మన సుంకాలు రక్షణ ఇచ్చిన మాట నిజమే, కానీ ఇంత పెద్ద దేశీయ గిరాకీ లేకుంటే ఆ రక్షణ ఎక్కువ కాలం ఆదుకునేది కాదు.

ఇక మీ అబ్బాయి సంగతి. విద్యుత్ కార్లకు సైలెన్సరు, ఇంధన ట్యాంకు అక్కర్లేదు, తలుపులు, బాడీ రేకులు మాత్రం కావాలి. తమ కంపెనీ చేసేది ఏ భాగమో, రెండో కొనుగోలుదారు కోసం యజమాని ప్రయత్నిస్తున్నారో లేదో అతడు ముందు తెలుసుకోవాలి. అక్కడ సొంత టూల్ రూమ్ (రేకును నొక్కి ఆకారం తెచ్చే అచ్చులను తయారుచేసే విభాగం) ఉంటే, ప్రెస్సు మీద నిలబడే పని నుంచి అచ్చులు చేసే, సరిదిద్దే పనికి మారమనండి. ఆటోనగర్ షెడ్డు మరమ్మతుల వ్యాపారం, ప్రెస్ షాపు అనుభవం అక్కడ అంతగా అక్కరకు రాదు. డైమేకరుగా, అంటే అచ్చులు చేసేవాడిగా, చేయి తిరిగాక ఊరికి రావడమా మానడమా అన్నది అప్పుడు చూసుకోవచ్చు.