ఉస్మానియాలో చేరేముందు ఏ ఉస్మానియాలో చేరుతున్నారో చూసుకోండి

ఉస్మానియాలో పీజీ చేయాలనుకునేవారు ఆ విశ్వవిద్యాలయం గురించి ముందుగా ఏం తెలుసుకోవాలని మీరు అడిగారు. ఆర్ట్స్ కాలేజీలో ఎం.ఏ. చదివినవాడిగా నేను చెప్పేదేమిటంటే, పట్టా మీద పేరు ఒకటే అయినా ఆ పేరు కింద తార్నాక వైపున్న ప్రధాన ప్రాంగణంలోని కళాశాలలు, నిజాం కళాశాల వంటి వెలుపలి విశ్వవిద్యాలయ కళాశాలలు, అనుబంధ ప్రైవేటు కళాశాలలు అన్నీ ఉన్నాయి. వీటిలో చదువు అనుభవం మాత్రం ఒకటి కాదు.

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1917లో జారీ చేసిన ఫర్మానా (రాజాజ్ఞ)తో రూపుదిద్దుకుని, 1918లో ఏర్పడిన ఈ విశ్వవిద్యాలయం ఆధునిక శాస్త్రాలను సైతం ఉర్దూలో బోధించింది. అందుకు కావలసిన పాఠ్యగ్రంథాలను తయారుచేయడానికి ప్రత్యేకంగా ఒక అనువాద సంస్థనే నడిపింది. భారతీయ భాషలో ఉన్నత విద్య సాధ్యమేనని అంత పెద్ద ఎత్తున నిరూపించిన ఆ ప్రయత్నానికి ఇప్పటికీ దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదని నా అభిప్రాయం. 1948 తరువాత బోధన ఇంగ్లీషుకు మారింది. 1938లో వందేమాతరం పాడినందుకు బహిష్కృతులై నాగపూర్ వెళ్లి చదువుకున్న విద్యార్థుల్లో పి.వి. నరసింహారావు ఒకరు, 1969 తెలంగాణ ఉద్యమానికీ, 2009 నాటి ఉద్యమానికీ ఈ ప్రాంగణమే కేంద్రమైంది.

అందరూ ఫొటోలు దిగే ఆర్ట్స్ కాలేజీ భవనం బెల్జియం వాస్తుశిల్పి జాస్పర్ రూపకల్పన, 1939లో ప్రారంభమైంది. (లోపల తరగతి గదుల్లో ఉన్నవి మామూలు బెంచీలే.) నాకు నిజంగా ఉపయోగపడింది మాత్రం గ్రంథాలయం, హాస్టల్. ఒకే మెస్‌లో వేర్వేరు శాఖల పరిశోధకులు, గ్రూప్స్‌కు చదివే సీనియర్లు కలిసి తినడం వల్ల, ఏ పుస్తకం చదవాలో, ఏ అధ్యాపకుడిని కలవాలో అడగకుండానే తెలిసేది. ఇంటి నుంచి బస్సులో వచ్చి పాఠం విని వెళ్లిపోయేవారికి ఇది దొరకదు.

వైద్య, వ్యవసాయ విద్యలు వేరే విశ్వవిద్యాలయాలకు వెళ్లిపోయాయి. 1976లో వరంగల్‌లోని కాకతీయ విశ్వవిద్యాలయం విడిపోయింది. పీజీ ప్రవేశాలు సీపీగెట్ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష ద్వారా జరుగుతాయి. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు కళాశాల పేరుతోపాటు అది ప్రాంగణంలోనిదా, అనుబంధ కళాశాలా, సీటు రెగ్యులరా, సెల్ఫ్ ఫైనాన్సా, హాస్టల్ వసతి ఉందా అన్నవి చూసుకుని, ఆ తరువాతే క్రమం నిర్ణయించుకోండి.