మైగ్రేన్‌కి చైనా వైద్యం, అల్లోపతి కలిపి వాడొచ్చా? నేను వాడాను

రెండూ కలిపితే తగ్గుతుందా, ఒకదానికొకటి అడ్డం వస్తాయా అని అడిగారు. నాకైతే తగ్గింది.

చైనాలోని చెంగ్డూలో ఎంబీబీఎస్ చదివే రోజుల్లో ఎడమ కణత పట్టేసి, వాంతులై, హాస్టల్ గదిలో కర్టెన్లు వేసుకుని పడుండేవాణ్ణి. అమ్మేమో ఫోన్లో శొంఠి పట్టు వెయ్యమనేది. అరగదీసే ఓపిక ఎవరికుంది?

ఒక సీనియర్ నన్ను సంప్రదాయ వైద్య విభాగానికి లాక్కెళ్లాడు. డాక్టరమ్మ మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టి నాడి చూసింది, నాలుక చాపమంది. నాకు లోపల నవ్వు. ఆ వెంటనే కంప్యూటర్లో నా ఎంఆర్‌ఐ తెరిచేసరికి నవ్వు ఆగింది. నొప్పి మాత్రలు ఎన్ని వేస్తున్నావంది. అప్పుడప్పుడూ అన్నాను. ఖాళీ స్ట్రిప్పులు తెమ్మంది. తెస్తే బల్ల మీద పోసి వేలితో లెక్కపెట్టింది. ఒక్క నెలలో 26 మాత్రలు! కెఫీన్ కలిపిన మాత్రలు నెలకి 10 రోజులు, అలా మూడు నెలలు దాటితే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయి. నేను చదివి పాసైన పాఠమే.

అవి మానిపించి, రాత్రికి మైగ్రేన్ రాకుండా ఆపే ఫ్లునారిజిన్ మాత్ర, వారానికి రెండుసార్లు ఆక్యుపంక్చర్ సూదులు రాసింది. మానేసిన మొదటి పది రోజులు నరకం. గట్టెక్కించింది సూదులే. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో గుచ్చి తిప్పితే చెయ్యంతా బరువెక్కి లాగుతుంది. ఉత్తుత్తి సూదులతో పోలిస్తే తేడా కొంచెమేనని ఎన్నో పరీక్షల ఫలితాలను కలిపి చూసిన 2016 నాటి కాక్రేన్ సమీక్ష అంటుంది. అననీండి, కణత నాది. మైగ్రేన్ రాకుండా ఇచ్చే టోపిరమేట్, ప్రొప్రనొలాల్ మందులు పడనివాళ్లకి 10 సిట్టింగుల దాకా సూదులు ఆలోచించవచ్చని బ్రిటన్ మార్గదర్శకాలు 2012లోనే చెప్పాయి. ఫ్లునారిజిన్‌కి నిద్రమత్తు, నాలుగు కిలోల బరువు అదనం.

కషాయం కూడా తాగాను. అందులో సిచువాన్‌లో పండే చ్వాన్‌శ్యోంగ్ వేరు, కాకర రసంలో మట్టి కలిపిన రుచి. దానికి మాత్రం మార్కులు వెయ్యను. ఆన్‌లైన్లో పొడులు కొనకండి. తలనొప్పి కషాయాల్లో వేసే శీశిన్ వేరులో కిడ్నీలను పాడుచేసే అరిస్టొలోకిక్ ఆమ్లం ఉండొచ్చు.

మందు చైనాదైనా, అల్లోపతిదైనా ఆ డాక్టరమ్మ ఒక్క ఫైల్లోనే రాసేది. మన దగ్గర ఆయుర్వేదం పొట్లం సంగతి అల్లోపతి డాక్టరుకి చెప్పరు, చెబితే తిట్లు. ఊరొచ్చాక ఒక న్యూరాలజిస్టుకి సూదుల సంగతి చెప్పాను. ‘ఆ చైనా కథలు ఇక్కడొద్దు బాబూ’ అన్నాడు. నొప్పి మాత్రలు నెలకి ఎన్ని వేస్తున్నావని మాత్రం అడగలేదు.