ట్యూబులోకి రక్తం వచ్చిన గడియ నుంచే: ల్యాబులో చేరుతున్న మా బుజ్జికి

బుజ్జీ,

నిన్న రాత్రి ఫోన్లో నువ్వడిగిన ప్రశ్నకు నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. "అత్తమ్మా, సోమవారం నుంచి పేషెంట్ల రక్తంలోంచి లింఫోసైట్లు వేరు చేసే పని నాకిచ్చారు. ప్రోటోకాల్ కాగితం చేతిలో పెట్టారు. అది చూసి చేసుకుంటూ పోతే చాలా?" అన్నావు. చాలదు. ట్యూబు బల్ల మీదికి వచ్చాక ఏం చేయాలో మాత్రమే ఆ కాగితం చెబుతుంది. అసలు పని అంతకుముందే, చేతిలో సూది దిగినప్పుడే మొదలైపోతుంది. ఇది నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. నీకు అన్నేళ్ళు పట్టకూడదని తార్నాకలో మన ఇంటి వరండాలో కూర్చుని తీరిగ్గా రాస్తున్నాను.

లింఫోసైట్లంటే రోగాలతో పోరాడే ఒక రకం తెల్లకణాలని, వాటిలో టి కణాలు ఛాతీలోని గ్రంథి అయిన థైమస్‌లో తయారై వస్తాయని, ఎన్‌కె కణాలు వైరస్ సోకిన కణాలను చంపుతాయని, బి కణాలకు ఆ 'బి' అక్షరం కోళ్ళలో ఉండే బర్సా అనే అవయవం వల్ల వచ్చిందని ఎమ్మెస్సీలో చదివే ఉంటావు. నాకు మాత్రం ఇన్నేళ్ళూ ఆశ్చర్యంగానే మిగిలిన సంగతి వేరే ఉంది. మన ఎర్రకణాలకు కేంద్రకమే లేదు. తెల్లకణాల్లో ఎక్కువ వంతు న్యూట్రోఫిల్స్. అవి రక్తంలోకి వచ్చాక ఇక విభజన చెందవు, తొందరగా చచ్చిపోతాయి. లింఫోసైట్ అలా కాదు. నిద్రలో ఉన్నట్టు ఒళ్ళంతా తిరుగుతూ ఉంటుంది. తనకు తగిన పిలుపు వినబడిందా, లేచి పెరిగి రెండవుతుంది. 1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్ దీన్ని దాదాపు అనుకోకుండానే కనిపెట్టాడు. ఎర్రకణాలను గుత్తులు కట్టించి తీసేయడానికి పీహెచ్‌ఏ అనే పదార్థం వాడేవాళ్ళు. అది రాజ్మా గింజల్లోంచి తీసేది, మనం కూర వండుకునే రాజ్మానే. అది తగిలిన లింఫోసైట్లు విభజన మొదలుపెట్టాయని ఆయన గమనించాడు. ఆ తర్వాత మనిషి క్రోమోజోములు చూడాలంటే ఎముక మూలుగ తీయాల్సిన అవసరం చాలావరకు తప్పింది. చేతి నుంచి రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, పీహెచ్‌ఏ వేసి, 37 డిగ్రీల్లో 72 గంటలు ఉంచితే సరిపోతోంది.

ఆ 72 గంటలే నాకు మొదటి పాఠం. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు. పాతబస్తీ నుంచి రెండేళ్ళ బాబు శాంపిల్ వచ్చింది. క్రోమోజోములు చూసి డౌన్ సిండ్రోమ్ అవునో కాదో తేల్చాలి. మా దగ్గర మీడియం, అంటే కణాలు పెరిగే పోషక ద్రవం, పెద్ద సీసాలో ఉండేది, నలుగురం అందులోంచే తీసుకునేవాళ్ళం. మూడో రోజు చూస్తే కల్చర్ (మీడియంలో పెంచుతున్న కణాలు) మబ్బుగా ఉంది, బ్యాక్టీరియా పట్టేసింది. ఆ తల్లి రెండు బస్సులు మారి మళ్ళీ వచ్చింది. బాబుకు నరం దొరక్క రెండుసార్లు గుచ్చారు. వాడి ఏడుపు కారిడార్ అంతా వినబడింది. తప్పు నాది. సీసా ఎన్నిసార్లు తెరిచారో కనుక్కోకుండా వాడాను. అప్పటి నుంచి నా మీడియం నేనే చిన్న చిన్న సీసాల్లో పోసి, పేరు, తేదీ రాసి పెట్టుకునేదాన్ని. నువ్వూ మొదటి రోజే ఆ పని చెయ్యి. ఎవరైనా "కొంచెం ఇస్తావా" అని అడిగితే ఒక సీసా మొత్తం ఇచ్చెయ్యి, తిరిగి తీసుకోకు.

ఇక రక్తం సంగతి. ఏ ట్యూబులో తీస్తున్నారో ముందే నర్సుతో మాట్లాడుకో. కల్చర్ చేయాలంటే రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ వేసిన ట్యూబు, పచ్చమూతది. హెపారిన్ డీఎన్ఏ నకళ్ళు తీసే పీసీఆర్‌కు అడ్డం పడుతుంది కాబట్టి డీఎన్ఏ కోసమైతే ఊదామూత ఈడీటీఏ ట్యూబు. రెండూ కావాలంటే రెండూ తీయించాలి, ఒకదానితో సర్దుకుందామనుకోకు. తీసిన వెంటనే ట్యూబును మెల్లగా ఎనిమిది పదిసార్లు తలకిందులు చేయమను. గట్టిగా ఊపకూడదు.

ఒక ఎండాకాలం మాకు పంజగుట్ట వైపు నుంచి శాంపిల్స్ వచ్చేవి. బయట 42 డిగ్రీలు, ఆటోలో గంట ప్రయాణం. ఎండకు పాడవుతాయన్న భయంతో తెచ్చే అబ్బాయికి ఐస్ పెట్టిన డబ్బా ఇచ్చాం. మంచి పనే చేస్తున్నామనుకున్నాం. తీరా వేరు చేసి చూస్తే లింఫోసైట్ల పొరలో గ్రాన్యులోసైట్లు (న్యూట్రోఫిల్స్ లాంటి తెల్లకణాలు) విపరీతంగా వచ్చి చేరాయి, టి కణాలు పీహెచ్‌ఏకు కూడా సరిగ్గా స్పందించలేదు. కూరగాయలకు చల్లదనం మంచిదే కానీ ఈ కణాలకు కాదు. రక్తాన్ని గది వేడిలోనే, 18 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంచి తేవాలి. హైదరాబాద్ మేలో ఆటోలో ఆ వేడి దానంతటదే ఉండదు. మందమైన థర్మోకోల్ డబ్బా తీసుకుని, జెల్ ప్యాకులను ఫ్రీజర్‌లో కాకుండా ఏసీ గదిలో రాత్రంతా ఉంచి అందులో పెట్టు. ఎండ మరీ ఎక్కువగా ఉన్న రోజుల్లో డబ్బాలో చిన్న థర్మామీటర్ కూడా పెట్టు. తీసినప్పటి నుంచి ఎనిమిది గంటల్లోపు పని మొదలవ్వాలి. మరుసటి రోజుకు మిగిలిన శాంపిల్ అయితే ఆ సంగతి నోట్‌బుక్‌లో రాయి, దాచకు.

రక్తం తీసిన టైం ట్యూబు మీద రాయించమని నేను పట్టుబట్టడానికి ఇంకో కారణం ఉంది. లింఫోసైట్లు ఒంట్లో రోజంతా ఒకే లెక్కలో ఉండవు. పొద్దున కార్టిసాల్ అనే హార్మోను ఎక్కువగా ఉన్నప్పుడు రక్తంలో తక్కువగా ఉంటాయి, రాత్రికి పెరుగుతాయి. పరుగెత్తి వచ్చినా, మెట్లెక్కి వచ్చినా కాసేపు పెరుగుతాయి, ముఖ్యంగా ఎన్‌కె కణాలు. నాతో పనిచేసిన ఒక స్టూడెంట్ పేషెంట్లకూ ఆరోగ్యవంతులకూ మధ్య పెద్ద తేడా కనిపెట్టానని ఎంతో సంతోషపడింది. నోట్‌బుక్ ముందేసుకుని ఇద్దరం కూర్చున్నాం. ఆరోగ్యవంతులందరి రక్తం పొద్దున పదికి ల్యాబులోనే తీశారు. పేషెంట్లది సాయంత్రం ఓపీ అయ్యాక తీస్తే, మా దగ్గరికి వచ్చేసరికి రాత్రి అయ్యేది. కనబడిన తేడా జబ్బుదా, గడియారానిదా, ప్రయాణానిదా తేల్చే దారి లేదు. ఆ అమ్మాయి ఆరు నెలల పని మళ్ళీ మొదటి నుంచి చేసింది. కాబట్టి ఇద్దరి రక్తం ఒకే వేళకు, ఒకే ట్యూబులో, ఒకేలాంటి ప్రయాణంతో రావాలని నీ గైడ్‌ను ఇప్పుడే అడుగు. కొత్తగా చేరినదానివి, ఎలా అడగాలని మొహమాటపడకు. వానాకాలంలో డెంగీ, వైరల్ జ్వరాలు తిరుగుతుంటాయి కదా, నెల రోజుల్లో జ్వరం వచ్చిందా, టీకా వేయించుకున్నారా అని ప్రతి మనిషినీ అడిగి రాసుకో.

ఇక ఫైకాల్, అంటే రక్తకణాలను బరువును బట్టి విడదీసే ద్రవం. దాని దగ్గర చేయి అలవాటు కావాలి. దాని సాంద్రత 1.077. లింఫోసైట్లు, మోనోసైట్లు (ఇంకో రకం తెల్లకణాలు) అంతకన్నా తేలిక కాబట్టి పైన ఆగుతాయి. ఎర్రకణాలు, గ్రాన్యులోసైట్లు బరువు కాబట్టి అడుక్కి పోతాయి. 1968లో నార్వేకు చెందిన ఆర్నే బోయుమ్ చూపించిన పద్ధతి ఇది, ఇప్పటికీ దాదాపు అలాగే చేస్తున్నాం. సీసా ఫ్రిజ్‌లోంచి తీసి గది వేడికి వచ్చేదాకా ఆగు. చల్లగా ఉంటే సాంద్రత మారిపోయి పొరలు సరిగ్గా విడవవు. రక్తాన్ని సమానంగా, కణాలకు సరిపడే ఉప్పు ద్రావణమైన బఫర్‌తో పలచన చేసి, ట్యూబును వాల్చి, ఫైకాల్ మీదికి గోడ వెంబడి జారనివ్వు. దోసె అంచు చుట్టూ నూనె వదులుతామే, అంత నెమ్మదిగా. గీత గీసినట్టు రెండూ విడివిడిగా కనబడాలి. సెంట్రిఫ్యూజ్ మిషన్‌లో 400 జీ (భూమి ఆకర్షణకు 400 రెట్లు) దగ్గర ముప్పై నిమిషాలు తిప్పాలి, బ్రేక్ తీసేయాలి. బ్రేక్ ఉంటే ఆగేటప్పుడు కుదుపుకు పొరలన్నీ కలిసిపోతాయి. మిషన్ మీద నీకన్నా ముందు వాడినవాళ్ళు ఏం పెట్టి వెళ్ళారో ప్రతిసారీ చూడు. మూత తీశాక ప్లాస్మా కింద పలచటి తెల్లటి మబ్బు ఉంగరంలా కనబడుతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు మాట రాలేదు. ఆ ఉంగరాన్ని మాత్రమే తీసుకో, కింది ఫైకాల్ ఎక్కువ రానివ్వకు, అది కణాలకు మంచిది కాదు. తర్వాత బఫర్‌తో రెండుసార్లు కడుగు. రెండోసారి వేగం తగ్గిస్తే ప్లేట్‌లెట్లు పోతాయి.

లెక్కించడం నీకు వచ్చు. ట్రైపాన్ బ్లూ వేస్తే చచ్చిన కణాలు నీలంగా కనబడతాయి. కణాలు లెక్కించే గళ్ళ గాజుపలక అయిన న్యూబార్ ఛాంబర్‌లో ఒక పెద్ద గడికి వచ్చిన సగటును పలచన చేసిన వంతుతోనూ, పదివేలతోనూ గుణించు. ఆరోగ్యవంతుల ఒక మిల్లీలీటరు రక్తానికి పది నుంచి ఇరవై లక్షల కణాలు రావాలి. చాలా తక్కువ వస్తే, లేదా పదిలో ఒకటికి మించి నీలంగా ఉంటే అక్కడే ఆగి కారణం వెతుకు.

దాచాల్సి వస్తే నెమ్మదిగా గడ్డకట్టించు, గబగబా కరిగించు. మంచు నుంచి కణాలను కాపాడే పది శాతం డీఎంఎస్‌ఓతో, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున చల్లబడాలి. మైనస్ 80లో ఒక రాత్రి ఉంచి, మర్నాడే లిక్విడ్ నైట్రోజన్‌లోకి మార్చు. మైనస్ 80 ఫ్రీజర్‌లోనే నెలల తరబడి వదిలేసి, తర్వాత "కణాలు బతకలేదు" అని బాధపడినవాళ్ళను చాలామందిని చూశాను. నైట్రోజన్ ట్యాంకు మట్టం వారం వారం నువ్వే కొలిచి రాయి. అది అటెండర్ పని అనుకోకు. ఇప్పుడు ఈ టి కణాలే మందు కూడా అవుతున్నాయి. పేషెంట్ టి కణాలు తీసి, క్యాన్సర్‌ను గుర్తుపట్టేలా మార్చి, తిరిగి అదే మనిషికి ఎక్కించే కార్-టి చికిత్స మన దేశంలో తయారై 2023 అక్టోబరులో అనుమతి పొందింది. అక్కడ కణాలు చచ్చిపోతే పోయేది మన ప్రయోగం కాదు, ఒక మనిషి ఆశ.

మీ ల్యాబులో జర్కాట్, రాజీ లాంటి సెల్ లైన్లు (ల్యాబులో ఏళ్ళ తరబడి పెంచుతూ వస్తున్న కణాలు) కూడా ఉన్నాయన్నావు. జర్కాట్, లుకీమియా (రక్త క్యాన్సర్) ఉన్న పద్నాలుగేళ్ళ కుర్రాడి రక్తం నుంచి, రాజీ 1963లో బర్కిట్ లింఫోమా అనే బి కణాల క్యాన్సర్ ఉన్న ఒక నైజీరియా పిల్లవాడి నుంచి వచ్చాయి. ఎన్నాళ్ళైనా పెరుగుతూనే ఉంటాయి, పని తేలిక. కానీ అవి క్యాన్సర్ కణాలు. జర్కాట్ చేసిన పని ఆరోగ్యవంతుల టి కణం కూడా చేస్తుందని అనుకోకు, అక్కడ చూసింది అసలు రక్తంలోనూ చూడు. మైకోప్లాస్మా అనే చాలా చిన్న బ్యాక్టీరియా పడితే మీడియం మబ్బుగా మారదు, కంటికి కనబడదు, పీసీఆర్‌తో నెలకొకసారి చూసుకోవాల్సిందే.

ఒక్క విషయంలో మాత్రం నా మాట తప్పకుండా విను. శాంపిల్ దొరకలేదని నీ రక్తం నువ్వే తీసుకుని కల్చర్ చేయకు. పక్కబల్ల వాళ్ళదీ వద్దు. ఎప్‌స్టీన్-బార్ వైరస్‌తో బి కణాలను అమరం చేసే (ఆగకుండా విభజన చెందేలా మార్చే) పని ఉన్నచోట ఇది మరీ ప్రమాదం. వేరేవాళ్ళ కణాలు పొరపాటున సూదితో ఒంట్లోకి వెళ్తే శరీరం పరాయివని గుర్తుపట్టి చంపుతుంది. నీ కణాలే మారిపోయి లోపలికి వస్తే గుర్తుపట్టకపోవచ్చు. వాడిన సూదికి మూత మళ్ళీ పెట్టకు, నేరుగా తెల్లడబ్బాలో వెయ్యి. గుచ్చుకుంటే సబ్బు, నీళ్ళతో కడిగి, నొక్కకుండా, వెంటనే సూపర్‌వైజర్‌కు చెప్పి డాక్టర్ దగ్గరికి వెళ్ళు. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. రెండు గంటల్లోపైతే ఇంకా మంచిది. తిడతారేమోనని దాచకు.

చివరగా, ఆ రక్తం ఇచ్చే మనుషుల గురించి. అమెరికాలో జాన్ మూర్ అనే ఆయనకు 1976లో హెయిరీ సెల్ లుకీమియాకు ప్లీహం తీసేశారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి సియాటిల్ నుంచి లాస్ ఏంజెలెస్ పిలిపించి రక్తం తీస్తూ వచ్చారు. చికిత్స కోసమే అని ఆయన అనుకున్నాడు. ఆయన టి కణాల నుంచి సెల్ లైన్ తయారు చేసి, 1984లో పేటెంట్ తీసుకున్నారు. కేసు కాలిఫోర్నియా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1990లో కోర్టు, తీసేసిన కణాల మీద ఆయనకు ఆస్తి హక్కు లేదంది, కానీ డాక్టరు తన పరిశోధన, డబ్బు ప్రయోజనాల సంగతి ముందే చెప్పి ఉండాల్సిందని కూడా అంది. మన దగ్గర భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు సమ్మతి ఎలా తీసుకోవాలో వివరంగా చెబుతాయి, ఒకసారి కూర్చుని చదువు. ఓపీ వరండాలో నీకు తెలుగు, ఉర్దూ, హిందీ మాట్లాడేవాళ్ళందరూ ఎదురవుతారు. ఫారం వాళ్ళ భాషలో ఉండాలి, చదవలేనివాళ్ళకు సాక్షి ముందు చదివి వినిపించాలి. "పెద్దయ్యా, ఇది మీ వైద్యం కోసం కాదు, పరిశోధన కోసం. వద్దంటే మీ ట్రీట్‌మెంట్ ఏమీ ఆగదు" అని నీ నోటితో చెప్పు. మిగిలిన కణాలు దాచిపెట్టి వేరే పనికి వాడే అవకాశం ఉంటే అదీ చెప్పు. "ఈ రక్తం అమ్ముకుంటారా?" అని అడుగుతారు. అది అవమానంగా తీసుకోకు. అడిగే హక్కు వాళ్ళకుంది, నిజంగా ఏం చేస్తామో వివరించు. వద్దన్న మనిషికి నమస్కారం పెట్టి పక్కకు వచ్చెయ్యి.

నిన్న హెపటైటిస్ బి టీకా సంగతి అడిగితే మాట మార్చావు. మొదటి డోసు, నెలకు రెండోది, ఆరో నెలకు మూడోది, ఆ తర్వాత యాంటీబాడీ పరీక్ష. చిన్నప్పుడు వేయించారో లేదో మీ అమ్మను అడిగి కార్డు వెతకమను, దొరక్కపోతే రేపే మొదటి డోసు వేయించుకో. వేయించుకున్నాక నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రైనా పర్వాలేదు.

మీ అత్తమ్మ